రాజవ్వ ఒక్కతే దారి తప్పింది

ఫాల్గుణం, బుధవారం

రోజూ రాయమంది మా బిడ్డ. ఏ తలుపు దగ్గర ఆగిపోయారు, ఏ మీట మాట వినలేదు, ఏ పని ఒక్కరే చేసుకోలేకపోయారు, అది రాయాలట. ఇంటింటికీ ఒక పుస్తకం ఇచ్చారు. రాస్తాను, తప్పకుండా రాస్తాను. కానీ ముందు నా సంతోషం కొంచెం ఒలకబోసుకోనివ్వండి. ఈ పుస్తకాలు పంచిన పరిశోధన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మా సరోజన! ఈ పదిహేనో ఇంక్లైన్‌లో పుట్టి, ఇదే పాత బొగ్గు సొరంగంలో దోగాడిన నా కూతురు!

పుట్టుచెవుడు పిల్ల. "ఈ పిల్లకు లోకం ఎట్ల తెలుస్తది ఓదెలూ?" అని అడగని మనిషి లేడు ఆ రోజుల్లో. ఇప్పుడు లోకంలో దారులు ఎట్లా ఉండాలో ఆ పిల్లే చెబుతోంది. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఇంత పెద్ద సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. పొద్దున సొరంగానికి గాలి తోలే పెద్ద ఫంకా తిరిగే దిక్కు మార్చినప్పుడు వాకిట్లో గాలితెర దించడం కూడా మరిచిపోయాను. దించకపోతే కింది గల్లీల చెడుగాలి ఇంట్లోకి వస్తుంది. పక్కింటి పోశాలే వచ్చి దించాడు.

"ఏం బావా, బిడ్డొచ్చిందని ఊపిరి పీల్చుడు బందువెట్టినవా?" అన్నాడు.

"పీల్చకున్నా నడుస్తదిర ఇయ్యాల" అన్నాను నేను.

ఇక పుస్తకంలో రాయాల్సిన మాట: మా ఇంట్లో చేతకానిది ఏమీ లేదు. అన్నీ బాగున్నాయి.

ఫాల్గుణం, శుక్రవారం

మొన్నటి రాత చదివి సరోజన నన్ను నీళ్ల మీట దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నీళ్లు పట్టమంది. పట్టాను. అప్పుడు చేతులతో అడిగింది. మా ఇద్దరి మాటలూ చేతులతోనే.

"బాపూ, మోచేత్తో ఎందుకు నొక్కినవ్?"

"అలవాటు బిడ్డా."

"వేలితో నొక్కు."

వేలితో నొక్కితే మీట మీది అద్దం పలకదు. జీవితమంతా తట్టలు మోసిన వేళ్లు, కాయలు కాచి చెక్కలా ఉన్నాయి. ఎప్పటినుంచి మోచెయ్యి వాడుతున్నానో నాకే గుర్తు లేదు.

"మరి ఇది రాయలేదేంది?"

"నీళ్లొస్తున్నయి గద, ఇంకేం రాయాలె?"

ఆ పిల్ల నవ్విన నవ్వు! తలుపు చౌకట్టుకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత చెప్పింది: మనిషి ఏ వస్తువు దగ్గర ఒళ్లు వంకర తిప్పుతాడో అక్కడే తమ పని మొదలవుతుందట. మనిషి అలవాటు పడిపోయి, "బాగుంది" అనేస్తాడట. అందుకే అడిగి ఊరుకోరట, పక్కన నిలబడి చూస్తారట. ఎంత గొప్ప చదువు చూడండి! ముసలివాడి మోచెయ్యి చూడడానికి కూడా ఒక చదువు ఉంది ఈ లోకంలో.

సాయంత్రం సొరంగం మూతి దాకా నడిచి ఎండ చూసి వచ్చాను. గడప దగ్గర నేల ఇప్పటికే చురుక్కుమంటోంది. వైశాఖంలో ఎండలకు తాళలేక మూతి తలుపు మూస్తారు. మళ్లీ తొలకరి పడ్డాకే తెరవడం. మా తాతలు ఇక్కడ బొగ్గు తవ్వారు. వాళ్లు తవ్విన ఖాళీలో మేము కాపురాలు ఉంటున్నాం.

ఫాల్గుణం, బహుళ తదియ

కడ్డీ వచ్చింది. మూడో గల్లీ గోడకు, నడుము ఎత్తున, పొడుగునా బిగించారు. ప్రయోగానికి ఆ ఒక్క గల్లీకే. గాలి చెడితే కడ్డీ అరచేతి కింద టిక్ టిక్ మని అదురుతుంది. ఆ అదురు బయటికి పోయే దిక్కుకు పాకుతూ పోతుంది. చీమల బారు చేతి మీదుగా నడిచినట్టు ఉంటుందని సరోజన చెప్పింది. నాకు ఏమీ తెలియలేదు. తెలిసిందనే అన్నాను. ఇకమీద ఈ పుస్తకం చివర్లోనే అడుగుతారట, అందుకే ఇక్కడ రాస్తున్నాను. బిడ్డ ఇంత కష్టపడి తెచ్చిన వస్తువు, తెలియలేదని ఎట్లా అంటాను?

ఈ కడ్డీ ఎందుకు వచ్చిందో చెప్పాలి. పోయిన ఎండాకాలం కింది గల్లీలో బొగ్గు తనంతట తాను రాజుకుని పొగ లేచింది. హారన్ మోగింది, ఎర్రదీపాలు వెలిగాయి. అందరం జోడీ జోడీగా మూతి దగ్గరికి చేరాం. చేరాక చూసుకుంటే రాజవ్వ లేదు. మూడో గల్లీ చివర రొట్టెలు కాల్చి అమ్మే మనిషి. ఫంకా ఇంట్లో ముప్పొద్దులా పనిచేసి చెవులు పోగొట్టుకుంది. నేనూ పోశాలూ నోటికి తడిగుడ్డ కట్టుకుని పరుగెత్తాం. ఆమె ఏం చేస్తోందనుకున్నారు? కరెంటు పెనం మాడిందని, పొగ అందులోంచే వస్తోందని, కూర్చుని పెనం తోముతోంది. దీపం ఎర్రగా వెలగడం ఆ పొగలో ఆమెకు కనబడనే లేదు.

ఇంక్లైన్‌లో ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడు. ఒక్కరే నడవడం మా దగ్గర తప్పు. చీకట్లో ముందువాడి భుజం మీద వెనకవాడి చెయ్యి, అది మా పద్ధతి. నా జోడీ పోశాలు. రాజవ్వకు జోడీ ఆమె మొగుడు కనకయ్యే. కనకయ్య పోయాక ఆమెకు జోడీ లేదు. ఎవరూ ఆ సంగతి అనుకోలేదు, అందరికీ ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి. ఆ కబురు విన్నాకే సరోజన ఈ పని నెత్తికెత్తుకుంది.

కడ్డీ పని చేయడం మాట అటుంచండి, అప్పుడే గల్లీ అంతా దానికి అలవాటు పడింది. చూలాలు ఒకామె దాన్ని పట్టుకుని ఎత్తు ఎక్కుతోంది. కూరల బండివాడు ఒక చెయ్యి దాని మీద వేసి జారుడులో బండి ఆపుకుంటున్నాడు. పోశాలు లుంగీ ఆరేశాడు.

"ఇదెందుకు పెట్టిన్రో తెల్వదా నీకు?" అని తిట్టాను.

"తెలుసు బావా. కానీ ఆరుతున్నది సూడు, ఎంత మంచి కడ్డీనో!"

ఫరీద అని బృందంలో ఒక అమ్మాయి ఉంది. ఆ లుంగీని ఫోటో తీసుకుంది. "ఉండనీ చాచా, ఇది కూడా మాకు కావాలె" అంది. ఏం మనుషులు వీళ్లు! లుంగీలో కూడా విద్య చూస్తారు.

చైత్రం, ఉగాది మర్నాడు

రేపు పరీక్ష. మూడో గల్లీలో దీపాలన్నీ ఆర్పేసి, గాలి చెడినప్పటిలా కడ్డీని అదిరిస్తారు. ఒక్కొక్కరే ఈ చివర నుంచి కడ్డీ పట్టుకుని బయలుదేరాలి. మధ్యలో నాలుగు దార్లు కలిసే చోట తొట్టిబండ్లు అడ్డంగా పోవాలి కాబట్టి కడ్డీ ఉండదు. ఆ ఖాళీ దాటి, అవతల సరైన గోడ మీద కడ్డీని మళ్లీ అందుకోవాలి. చివర గాలిని ఆపే గాలితలుపు ఉంది. దాని అవతల ఫరీద ఉంటుంది. ఈ చివర సరోజన.

ఒక్కొక్కరే అన్నమాట వినగానే మా వాళ్లకు మింగుడుపడలేదు. కూడలిలో పెద్ద గొడవ.

"చీకట్ల ఒక్కన్నే తోలుడేంది? మనుషులమా, పసురాలమా?" అంది బండివాడి పెళ్లాం.

"మీ బిడ్డనే గద ఓదెలూ, నువ్వన్నా చెప్పరాదు?" అన్నాడు సాంబయ్య. మా ఇంక్లైన్ సర్దారు. మూతి మూయడం, తెరవడం, ఎవరిని ఎటు పంపాలన్నది అంతా ఆయన చేతిలో ఉంటుంది.

నేను చెప్పలేదు. కానీ పోశాలూ నేనూ మరో ఇద్దరూ కూర్చుని ఒక ఆలోచన చేశాం. ఎంత మంచి ఆలోచన! తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తోంది. ఎవరూ దారి తప్పరు, బిడ్డ పరువు నిలబడుతుంది, మా పద్ధతీ తప్పదు. ఇప్పుడు రాయను.

చైత్రం, గురువారం

పాస్! పాస్! అందరూ పాస్!

ఒక్కొక్కరూ చీకట్లోకి పోయి గాలితలుపు అవతల తేలుతుంటే ఫరీద గంట కొట్టడం, సరోజన చేతిలో పలక మీద పచ్చచుక్క వెలగడం. పోశాలు పోయాడు, వచ్చాడు. బండివాడు పోయాడు, వచ్చాడు. చూలాలు కూడా వచ్చింది. నేనైతే పెళ్లికొడుకులా నడిచి వచ్చాను.

రాజవ్వ ఒక్కతే దారి తప్పింది. నాలుగు దార్ల దగ్గర ఎడమకు తిరిగి, పాత ఇసుక గల్లీలోకి పోయి, అక్కడ కూర్చుంది. దీపాలు వేసి తీసుకొచ్చారు. ముఖం నేలకు వేసుకుని వచ్చింది. "నా తలకాయ పనిచేస్తలేదు, నన్ను లెక్కల నుంచి తీసెయ్యున్రి" అని గట్టిగా అంది. ఆమెకు తన గొంతు తనకు వినబడదు కదా, అందరికీ వినబడింది.

సాంబయ్య సర్దారు మాత్రం తెగ సంబరపడ్డాడు. "ఒక్క రాజవ్వ మాటేమున్నది, వయసు మీద పడ్డది. తతిమ్మ అందరు వచ్చిన్రు. మూతి మూసేలోపల అన్ని గల్లీలకు కడ్డీ బిగిపిద్దాం" అని ప్రకటించేశాడు.

నేను ఎగిరి గంతేశాను. మోకాలు పట్టేసింది. అయినా ఏం?

నా బిడ్డ మాత్రం పలక చూస్తూ కూర్చుంది. అన్నం కూడా అక్కడికే తీసుకుపోయాను.

"తినరాదు బిడ్డా. గెలిచినవ్."

"బాపూ, ఎవరి చెయ్యి ఎక్కడుందో కడ్డీకి గుర్తుంటది. నాలుగు దార్ల కాడ అందరి చేతులు ఒదిలినయ్. ఒక్కరన్న తడుములాడాలె గద? రాజవ్వ తప్ప అందరు తిన్నగ కుడి గోడకే పోయిన్రు. గంత తిన్నగ నేను గూడ పోలేను."

"మనోళ్లు హుషారు బిడ్డా" అన్నాను. అని ముద్ద కలిపి నోట్లో పెట్టాను, ఇంకేమీ అడగనివ్వకుండా.

చైత్రం, శనివారం

దొరికిపోయాం.

సరోజన పొద్దున్నే పోశాలును మళ్లీ నడవమంది. వాడు నాకు సైగ చేశాడు. నేను పక్క గల్లీలోంచి పోయి నా చోట నిలబడ్డాను. నా చోటు అంటే నాలుగు దార్ల దగ్గర, కుడి మూల. పరీక్ష రోజు కూడా మేం నలుగురం అక్కడే వంతులవారీగా నిలబడి, మనిషి దగ్గరికి రాగానే దగ్గాం, బొగ్గుగోడ మీద కర్రతో తట్టాం. గాలితలుపు మందం కాబట్టి ఫరీదకు వినబడదు. సరోజనకు ఎట్లాగూ వినబడదు. అదే మా ఆలోచన. నా వంతు నడక వచ్చినప్పుడు పోశాలు దగ్గాడు, అంత చక్కని ఏర్పాటు.

ఈసారి సరోజన ఆ చివర ఆగలేదు. చెప్పులు విడిచి, అరచెయ్యి బొగ్గుగోడకు ఆనించి, చీకట్లో పోశాలు వెనకే వచ్చింది. నేను తట్టిన ప్రతి దెబ్బా ఆ గోడలోంచి ఆ చేతికి అందింది. టార్చి వెలిగింది. ఎదురుగా నేను, చేతిలో కర్ర.

"ఏం జేస్తున్నవ్ బాపూ?"

కర్ర చంకలో పెట్టుకుని చేతులు ఆడించాను. "ఏం లేదు బిడ్డా. గోడ గట్టిగున్నదా లేదా అని..."

చీకట్లోంచి పోశాలు అరిచాడు. "దొరికినవా బావా? నేను ముందే చెప్పిన, కర్ర వద్దు, దగ్గు చాలని!"

సరోజన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది. కింద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. టార్చిని మా చేతుల మీద పడేట్టు ఒళ్లో పెట్టుకుంది.

"సాయం జేసినం బిడ్డా. ఒక్కన్ని చీకట్ల ఒదిలిపెట్టుడు మన తాన లేదు. నీకు తెల్వదా?"

"పొగొచ్చిననాడు ఈ మూల మీద ఎవరు నిలవడి దగ్గుతరు?"

"నేను నిలవడత."

"నిన్నెవరు తెస్తరు బయటికి?"

చంకలోని కర్ర తీసి నేల మీద పెట్టాను.

"అందరు నన్ను సంతోషపెట్టిన్రు" అంది. "రాజవ్వ ఒక్కతే నాకు నిజం చెప్పింది. ఆమెకు మీ దగ్గు వినపడలే. కడ్డీ మాత్రమే ఉన్నది ఆమెకు. కడ్డీ ఆమెను ఇసుక గల్లీల దింపింది."

చైత్రం, అదే సాయంత్రం

సరోజన సర్దారు దగ్గరికి పోయి పరీక్ష చెల్లదని చెప్పింది. ఫరీద ఆ మాటలను నోటితో చెప్పింది. సాంబయ్య తల పట్టుకున్నాడు.

"అమ్మా, బిగించేటోళ్లు అమావాస్యకు వస్తరు. తయారుగ లేదంటె ఇంకో ఇంక్లైన్‌కు పోతరు. మల్ల తొలకరికే. ఈ ఎండాకాలమంత ఏమీ లేకుండనే ఉండాలె. పాసైందని రాయి. తప్పులుంటే తర్వాత దిద్దుకుందాం."

నేను కూడా బతిమాలాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, చాలా బతిమాలాను. "ఒక్క రాజవ్వ కోసం అందరిదీ ఆపుతవా బిడ్డా?"

"అందరికీ జోడీ ఉన్నది బాపూ. పొగొస్తే మీరు కడ్డీ లేకున్నా వస్తరు, పోయినసారి రాలేదా? ఈ కడ్డీ ఒక్క రాజవ్వ కోసమే మొదలుపెట్టిన. ఆమెకు పనికి రానిది గోడకు ఎందుకు?"

సర్దారు మూతి వైపు చూశాడు. బయట వడగాలి మొదలైంది. చివరికి అన్నాడు, "బిగించేటోళ్లు వచ్చే రోజు పొద్దున ఇంకొక్క పరీక్ష. అప్పటిదాక టైమ్. నా చేతిల గంతే ఉన్నది."

చైత్రం, ఆదివారం

రాజవ్వ పరీక్ష రోజు నుంచి రొట్టెల కొట్టు తెరవలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటోందని బండివాడి పెళ్లాం చెప్పింది. అసలు సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి? కర్ర పట్టుకున్నవాడే చెప్పాలి కదా. పోయాను.

చేతులతో చెప్పాను. దగ్గు ఎట్లా దగ్గామో, కర్రతో ఎట్లా తట్టామో, అంతా ఆడి చూపించాను. ఆమె కళ్లు చిన్నవి చేసి చూసింది. మొదట అర్థం కాలేదు. అయ్యాక లేచి కూర్చుంది.

"అంటె... మీ అందరికీ గూడ దారి తెల్వలే?"

తల ఊపాను.

"నీకు?"

"నాకు కడ్డీ అదురుతున్నదో లేదో గూడ తెల్వదు రాజక్కా" అని చేతులు చూపించాను, కాయలు కాచినవి.

"వారి దొంగ సచ్చినోడా!" అని మూడో గల్లీ మొత్తం అదిరేలా అరిచింది. "నాకు మతి పోయిందనుకుని నేను చావాలె, మీరు పెండ్లికొడుకుల లెక్క ఊరేగాలె!" మూలన ఉన్న రొట్టెల కట్టె తీసి వీపున ఒకటి వేసింది. అబ్బ, ఎంత గట్టి చెయ్యి! దెబ్బ తిని ఇంత సంతోషపడిన మనిషి ఈ ఇంక్లైన్‌లో నేనే అయి ఉంటాను. ఎందుకంటే వెంటనే కొట్టు తెరిచి పిండి కలిపింది.

చైత్రం, మంగళవారం

నిజం నడకలు మొదలయ్యాయి. దగ్గు లేదు, కర్ర లేదు. ఒకరి తర్వాత ఒకరం దారి తప్పాం. పోశాలు ఇసుక గల్లీలోకి పోయాడు. బండివాడు వెనక్కి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చాడు. నేను నాలుగు దార్ల మధ్యలో నిలబడిపోయి, "నాకు తెల్వలే బిడ్డా" అని పెద్దగా అరిచాను, ఆమెకు వినబడదని మరిచిపోయి. తర్వాత దీపం వేశాక చేతులతో మళ్లీ చెప్పాను. ఆ మాట చెప్పడం ఇంత కష్టమని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

సరోజన ముఖం వెలిగిపోయింది! మేము గెలిచినప్పుడు లేని వెలుగు మేము ఓడినప్పుడు వచ్చింది. రాజవ్వ కొట్టు దగ్గర ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగింది. ఆ ఖాళీలో నిలబడ్డప్పుడు దేనికోసం వెతికారు?

నేను ముందువాడి భుజం కోసం వెతికాను. గాలిలోకి చెయ్యి చాపి నిలబడ్డాను. పోశాలు చెంపకు గాలి ఎటునుంచి తగులుతుందా అని చూశాడట. చూలాలు అడుగు వేయడానికే భయపడింది, కిందపడితే ఎట్లా అని. రాజవ్వ రొట్టె తిప్పుతూ, "కాలితో దేవులాడిన. ఏమన్న గట్టు తగుల్తదేమో అని. ఏం తగల్లే" అంది.

సరోజన, ఫరీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంటనే రొట్టెలు అక్కడే వదిలేసి పోయారు. నేను ఇద్దరివీ తిన్నాను.

చైత్రం, శుక్రవారం

ఒకప్పుడు బొగ్గు మోసిన పాత బెల్టు రబ్బరు ముక్కలు కోసి, నాలుగు దార్ల ఖాళీకి అడ్డంగా, కడ్డీ ఆగిన చోటు నుంచి కడ్డీ మొదలయ్యే చోటు దాకా నేల మీద గట్టులాగా అతికించారు. తొట్టిబండి చక్రం దాటేంత తక్కువ ఎత్తు, పాదానికి తెలిసేంత ఎక్కువ ఎత్తు. అది కూడా అదురుతుంది. కడ్డీలో అదురు కూడా మార్చారు. చీమల బారు తీసేసి, ఎవరో అరచెయ్యి పట్టి మెల్లగా లాగినట్టు పెట్టారు. నా చెక్క చేతికి కూడా తెలిసింది! నిజంగానే తెలిసింది, ఈసారి అబద్ధం కాదు. మూడుసార్లు పట్టుకుని చూశాను. తర్వాత గల్లీలో కనబడ్డ ప్రతివాడినీ ఆపి పట్టుకోమన్నాను.

"బావా, నీ బిడ్డ చేసిందని తెలుసు. పోనియ్యి, ఎందుకు అడ్డం నిలవడ్డవ్?" అన్నాడు పోశాలు.

చైత్రం, అమావాస్య

ఇవ్వాళ పొద్దున పరీక్ష. బిగించేవాళ్లు మూతి దగ్గర సామాను దించుకుని కూర్చున్నారు. ఇటు కాకపోతే అటు పోవడానికి వాళ్ల బండి తయారుగా ఉంది.

నడిచేవాళ్లం తప్ప ఇంక్లైన్ మొత్తం గాలితలుపు అవతల చేరింది. గల్లీలో ఎవరూ ఉండకూడదని సర్దారు తానే తిరిగి చూసి వచ్చాడు. మేమంతా ఒక్కొక్కరం నడిచి వచ్చాం. బండివాడు కాస్త తడబడ్డా వచ్చాడు. చివరికి రాజవ్వ వంతు.

సరోజన ఆ చివర ఆమెను పంపి, పక్కదారిన చుట్టుతిరిగి మా దగ్గరికి వచ్చింది. పలక మీద చిన్న చుక్క కడ్డీ వెంట జరుగుతోంది. నాలుగు దార్ల దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది. కదలదు.

పోశాలు నా చెవిలో, "బావా, నేను పోయి తెస్త" అన్నాడు. వాడి అంగీ కొస పట్టుకున్నాను. నా కాళ్లు కూడా పోతానంటున్నాయి. ముసలిది, జోడీ లేనిది, చీకట్లో ఒంటరిగా నిలబడి ఉంది. మేమింతమందిమి ఉండి చేతులు కట్టుకుని ఉన్నాం. ఇంతకంటే కష్టమైన పని తట్టలు మోసిన రోజుల్లో కూడా చేయలేదు. చేయందించడమే ప్రేమ అనుకుంటూ ఇంతకాలం బతికాను. ఆగి నిలబడడానికి కూడా అంత ప్రేమా కావాలని నా బిడ్డ ముఖం చూస్తే తెలిసింది. ఆమె పెదవి కొరుక్కుంటోంది కానీ కదలలేదు.

చుక్క కదిలింది. కుడి గోడ మీదికి వచ్చింది.

గాలితలుపు లోపలినుంచి తెరుచుకుంది. రాజవ్వ బయటికి వచ్చి, ఇంతమందిని చూసి కొంగు సర్దుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొడితే వినబడదు కదా. అందరం చేతులు పైకెత్తి ఆడించాం. ఆమె అదేమీ పట్టించుకోకుండా తిన్నగా సరోజన దగ్గరికి పోయింది.

"ఆ గట్టు కొస లేసి ఉన్నది. కాలు తట్టుకున్నది. అక్కడనే నిలవడి, పాదంతోని ఒత్తి ఒత్తి చూసిన. ఎట్ల అతికిచ్చినవే పిల్లా? రేపు ఎవరన్న బోర్ల పడ్తరు!"

ఫరీద ఆ మాటలు చేతుల్లోకి మారుస్తుంటే సరోజన రాసుకుంది, రాసుకుంటూ నవ్వింది. అంతే, కట్ట తెగింది. బండివాడు ముందుకొచ్చి కడ్డీ తన బండికి రాసుకుంటోందన్నాడు. చూలాలు మలుపులో అదురు మరీ ఎక్కువగా ఉంది, కడుపులో బిడ్డ తన్నుతోందంది. పోశాలు కడ్డీ ఎత్తు పొట్టివాళ్లకు అందదన్నాడు, వాడు పొట్టివాడు కాకపోయినా. ఒకరి మీద ఒకరు పడి చెబుతున్నారు. మా ఇంక్లైన్‌లో ఇంతమంది ఒకేసారి "బాగలేదు" అనడం నేను పుట్టి ఎరగను! ఆ గుంపు మధ్యలో నా బిడ్డ, పెళ్లి పందిట్లో ఆడబిడ్డలా, ఎవరికి ముందు జవాబు చెప్పాలో తెలియక, రెండు చేతులూ ఖాళీ లేకుండా. ఈ భాగ్యం చూడడానికే నేను ఇన్నేళ్లు బతికానేమో.

సాంబయ్య అడిగాడు. "ఇంతకూ పాసా, ఫెయిలా?"

"రాజవ్వ వచ్చింది" అని ఫరీద సరోజన మాట చెప్పింది. "గట్టు కొస ఇప్పుడే దిద్దుతాం. తతిమ్మావి బిగిస్తూ బిగిస్తూ దిద్దుతాం."

సర్దారు మూతి దగ్గరి వాళ్లకు చెయ్యి ఊపాడు. సామాను లోపలికి రావడం మొదలైంది.

రాజవ్వకు అప్పుడు గుర్తుకొచ్చింది. "అయ్యో, పిండి తడిపి వచ్చిన!" అని మళ్లీ గాలితలుపు వైపు తిరిగింది. లోపల ఇంకా దీపాలు వేయలేదు. పోశాలు ఆమె వెంట రెండడుగులు వేశాడు. ఆమె వెనక్కి చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తలుపు తెరిచి, గోడ మీద కడ్డీని అందుకుని, ఒక్కతే చీకట్లోకి నడిచి వెళ్లింది.